గంధపు గుండ్ల గోడ

తిరుపతిలో సొంత ఇల్లు కట్టుకున్నవారికి సొంత ఇల్లు ఉండదని ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. రిజిస్ట్రేషన్ మన పేరు మీదే జరుగుతుంది, కరెంటు బిల్లు మన పేరు మీదే వస్తుంది. హాలు మాత్రం కొండకు పోయేవాళ్లది, కొండ దిగినవాళ్లది. మధ్యలో మనం వంటింటికీ పడకగదికీ దారి అడుక్కుంటూ తిరుగుతుంటాం. ఈ ఊరివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఇతర ఊళ్ల పాఠకులకూ కొత్త కాదు, ఎందుకంటే మా హాల్లో పడుకుని పోయింది వాళ్లే.

నా పేరు మునిచంద్ర. బీమా కంపెనీలో బ్రాంచి మేనేజరును. జనానికి రాబోయే ప్రమాదాలను ముందుగా ఊహించి హెచ్చరించడం నా వృత్తి. ఆ అనుభవంతోనే మా ఇంటికి రాబోయేదాన్ని నేను ఏమాత్రం ఊహించలేదు.

మా హాల్లో ఫ్యాను కింద ఒక గోడ ఉంది. కొండ మీద తలనీలాలు ఇచ్చి, నున్నటి గుండుకు దట్టంగా గంధం పూసుకుని దిగిన చుట్టాలు అన్నం తిని, ఆ గోడ వారగా చాప పరిచి, తల వెనక్కి ఆనించి, బస్సు వేళదాకా కునుకు తీస్తారు. ఇది మా ఇంటి ఆచారం. లేచేసరికి గోడ మీద పచ్చగా గుండ్రటి మచ్చలు పడి ఉంటాయి. పిల్లలవి కింద, పెద్దలవి పైన. వాటిని తడిగుడ్డతో తుడిస్తే పోయేవి. పోకపోయినా ఎవరికీ పట్టేది కాదు.

నా భార్య జయంతి కొంతకాలంగా ఫోనులో ఇతరుల ఇళ్లు చూస్తోంది. ఆ ఇళ్లలో మనుషులుండరు. సోఫా ఉంటుంది, దిండు ఉంటుంది, కుండీలో ఒక ఆకు ఉంటుంది. కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా ఆ ఆకు మీదే పడుతుంది. "మన ఎండకు అంత బుద్ధి యాడిది?" అని జయంతి నిట్టూర్చేది. ఆమెను మందలిద్దామని నేనూ పక్కన కూర్చుని చూశాను. చూస్తూ చూస్తూ మా ఇల్లంటే నాకే ఏవగింపు పుట్టింది. అభివృద్ధికి అదే తొలిమెట్టని తర్వాత భానుచందర్ చెప్పాడు.

భానుచందర్ బెంగళూరులో డిజైను చదివి, తిరుపతికి వచ్చి ఇంటీరియర్ కన్సల్టెంటు అని బోర్డు పెట్టిన యువకుడు. మా హాలు మధ్యలో నిలబడి నాలుగు గోడలనూ ఒక్కొక్కటిగా పరికించాడు. వైద్యుడు నాడి పట్టుకున్నప్పుడు ఇంట్లోవాళ్లు నిలబడినట్టు మేమిద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. చివరికి, "సార్, మీ ఇల్లు ఊపిరాడక అవస్థ పడుతోంది" అన్నాడు. గోడలు కూలగొట్టక్కర్లేదట. చిన్న చిన్న అలంకారాలు, కాస్త టెక్స్‌చర్, సులువైన ఆలోచనలు చాలట. సులువు అనే మాట విని నేను సంతకం పెట్టాను.

ముందుగా గోడల మీది క్యాలెండర్లన్నీ వంటింటి తలుపు వెనక్కి బదిలీ అయ్యాయి. సోఫా మీదికి దిండ్లు వచ్చాయి. అవి బేసి సంఖ్యలోనే ఉండాలని, సరి సంఖ్య చూపుకు అలసట కలిగిస్తుందని భానుచందర్ నిర్ణయించాడు. ఆ దిండ్లకు ఆనుకోకూడదు, ఆనుకోవడానికి వేరే దిండ్లున్నాయి, అవి బీరువాలో ఉన్నాయి. సోఫా చేతి మీద ఒక శాలువా వేలాడదీశాడు. అది నిర్లక్ష్యంగా పడేసినట్టు కనపడాలట. నిర్లక్ష్యంగా పడేస్తే అలా కనపడదట. రోజూ పొద్దున్నే జయంతి దాన్ని తీసి, దులిపి, మడతలు లెక్కచూసి నిర్లక్ష్యంగా పరిచేది. ఆ నిర్లక్ష్యం కుదిరేసరికి నా కాఫీ చల్లారిపోయేది.

మూలన పెద్ద మట్టికూజాలో ఎండుకొమ్మలు నిలబెట్టాం. మా నాయన బతికుంటే వాటిని చక్కగా విరిచి నీళ్లపొయ్యిలో పెట్టేవాడు. పుస్తకాల రంగులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయని అన్నింటినీ వెనక్కి తిప్పి, కాగితాల అంచులు బయటికి కనపడేట్టు సర్దాం. అప్పటినుంచి నాకు ఏ పుస్తకం కావాలన్నా ఏదో ఒకటి తీసి అదే చదువుకుంటున్నాను. టీపాయి మీద చెక్కగిన్నె, గిన్నెలో గులకరాళ్లు. నాయుడుపేట నుంచి వచ్చిన మా పినతండ్రిగారు మాటల్లో పడి ఒకటి నోట్లో వేసుకున్నారు. పెద్దాయన కాబట్టి ఉమ్మెయ్యకుండా చాలాసేపు మర్యాద పాటించారు.

ఇక ఫ్యాను కింది గోడ. దానికి ఇసుక కలిపిన పూత పట్టించి, తడి ఆరకముందే దువ్వెనతో దువ్వినట్టు గీతలు లాగారు. లేత బూడిదరంగు. చెయ్యి పెడితే గీరుకుంటుంది. "దీన్ని చూడకూడదు సార్, అనుభవించాలి" అన్నాడు భానుచందర్. ఎలా అనుభవించాలని అడిగాను. దూరంగా నిలబడి అన్నాడు. నేను వీధి తలుపు దగ్గర నిలబడి కొన్నాళ్లు అనుభవించాను.

అప్పుడు మా అక్క వచ్చింది.

మా అక్క తిరుమలమ్మది కార్వేటినగరం. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఈ మాట నేను ఆఫీసు ఫంక్షన్లలో కూడా కళ్లు తడి చేసుకుని చెబుతుంటాను, చెప్పినప్పుడల్లా చప్పట్లు పడతాయి. మా బావ గంగాధరానికి నడుముకు ఆపరేషన్ జరిగింది. అది గట్టెక్కితే ఇద్దరం గుండు ఇచ్చుకుంటామని, ఆర్నెల్లకు డాక్టరు మళ్లీ చూసి బాగుందంటే ఇంకోసారి ఇచ్చుకుంటామని అక్క మొక్కుకుంది. మొదటి మొక్కు తీర్చుకుని, గంధం గుండ్లతో నేరుగా తమ్ముడింటికి వచ్చారు. అలవాటు ప్రకారం అన్నం తిని, చాప పరిచి, గోడకు ఆనుకుని నిద్రపోయారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ అప్పుడే లేచి కూర్చున్నారు. వాళ్ల వెనక గోడ మీద పక్కపక్కనే రెండు పచ్చటి గుండ్రాలు. బావది పెద్దది, అక్కది కాస్త చిన్నది.

నేను ఏమీ అనలేదు. సంస్కారవంతుణ్ని. మాట్లాడకుండా లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, వాళ్లు చూస్తుండగానే గోడ తుడవడం మొదలుపెట్టాను. గంధం గీతల్లోకి దిగిపోయింది, రావడంలేదు. నా చెయ్యి పట్టుకుని ఆపి అక్క ఆ గుడ్డ తీసుకుంది. ఆ బోడితలతో మోకాళ్ల మీద కూర్చుని తను తుడిచింది. అదీ చాలక కొంగు తడుపుకుని రుద్దింది. నేను పక్కన నిలబడి ఏ వైపు రుద్దాలో చెప్పాను. దీన్ని ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం గోడ గురించే బాధపడ్డాను.

బావ మెల్లగా లేచి కండువా తలకు చుట్టుకున్నాడు. "మా గుండ్లదేముందప్పా, నీళ్లు పోసుకుంటే పోతాది. నీ గోడే పాపం" అన్నాడు. రాత్రికి ఉండి తెల్లారి పోవాల్సినవాళ్లు సాయంత్రం బస్సుకే వెళ్లిపోయారు. అక్క గేటు దగ్గర వెనక్కి తిరిగి, "అన్నం వేళకు తినురా మునీ" అంది. ఆ తర్వాత ఫోను చేస్తే మాట్లాడేది, తిరుపతి వచ్చే మాట మాత్రం ఎత్తేది కాదు.

గోడకు మళ్లీ పూత వేయించుకుందామని భానుచందర్‌ను పిలిపించాను. అతను గుండ్రాల ముందు ఆగిపోయాడు. దగ్గరికి వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, తల వాల్చి చూశాడు. "ఏ ఆర్టిస్టు సార్ చేసింది?" అన్నాడు. మా అక్కా బావా అన్నాను. "గరుకు మీద మెత్తన! రెండు శూన్యాల సంభాషణ! దీన్ని ముట్టుకోవద్దు, నేను చెయ్యలేని పని వాళ్లు చేశారు" అని ఫొటోలు తీసుకుని ఇంటర్నెట్‌లో పెట్టాడు. దానికి చందనవృత్త శైలి అని నామకరణం కూడా తనే చేశాడు. మా అక్క కొంగుతో రుద్దిన చోటును 'చలనభావన'గా గుర్తించాడు.

లోకం మెచ్చుకుంది. మరునాటి నుంచి కాలనీవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా వీధి తలుపు దగ్గర నిలబడి అనుభవించిపోసాగారు. వారం తిరక్కుండా ప్రతి ఇంట్లోనూ గరుకు గోడ లేచింది. గరుకు గోడలైతే లేచాయిగానీ గుండ్లు కరువయ్యాయి. చుట్టాల బెడద పడలేక ఇన్నాళ్లూ ఫోన్లు ఆపేసుకున్నవాళ్లు, ఇంటికి తాళం వేసి వెనక తలుపు నుంచి తిరిగినవాళ్లు ఇప్పుడు పలమనేరుకూ నగరికీ ఫోన్లు చేసి, "మీరు కొండకొచ్చి చాన్నాళ్లాయె గదా" అని వాపోసాగారు. చుట్టాలు అందుబాటులో లేనివాళ్లు రేణిగుంట స్టేషనుకు వెళ్లి, రైలు ఎక్కబోతున్న భక్తులను బతిమాలి ఇంటికి తెచ్చుకున్నారు. గుండు ఉన్నవారికి భోజనం, ఏసీ ఉచితం, మీసం ఐచ్ఛికం. ఒకాయన నిద్రలో పక్కకు ఒరిగితే గోడ మీద చెవి పడింది. ఆ ఇంటివారు దాన్ని తుడవబోయి, భానుచందర్ సలహాపై, అరుదైన నమూనాగా ప్రకటించుకున్నారు.

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు మునిరామయ్యగారు ఈ ఉద్యమాన్ని ఉద్దేశించి ప్రసంగించారు. "తల వంచడం మన పూర్వీకులు నేర్పిన సంస్కృతి. తల ఆనించడం మన కాలనీ లోకానికి నేర్పుతున్న సంస్కృతి. ఏ ఇంటి గోడ మీద ఎక్కువ గుండ్లుంటే ఆ ఇంట ఎక్కువ మానవత్వం ఉన్నట్టు!" అన్నారు. ఆ ఊపులోనే 'ఆత్మీయ గృహం' పోటీ ప్రకటించారు. గెలిచిన హాలు ఫొటో పత్రికలో వేయిస్తామన్నారు.

మా ఎదురిల్లు రెబెకా టీచరుగారిది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్వేటినగరంలో మా అక్క వాళ్లింట్లోనే అద్దెకుండేది. ఇద్దరికీ ఇప్పటికీ రాకపోకలున్నాయి. పోటీలో పేరివ్వలేదేమని సంఘం వారు వెళ్లి అడిగితే, "మా చుట్టాలందరికీ జుట్టుండాది సార్, ఏం చేసేది?" అందట. వీధి సమరూపతకు ఆమె గోడ భంగం కలిగిస్తోందని సంఘం విచారం వ్యక్తం చేసింది.

పోటీలో బహుమతి మాదేనని అందరూ అనుకున్నారు. మాది మూలం, మిగతావన్నీ నకళ్లు. చిక్కల్లా ఒక్కటే. ఫ్యాను గాలికి గంధం ఎండి రాలిపోసాగింది. జయంతి రోజూ ఊడ్చినప్పుడు చేటలో పచ్చటి పొడి వచ్చేది. న్యాయనిర్ణేతలు వచ్చే రోజు దగ్గర పడేసరికి మా గుండ్రాలు ఉన్నాయో లేవో కళ్లు చికిలించి చూడాల్సిన స్థితికి వచ్చాయి.

సరిగ్గా అలాంటి సమయంలో, పోటీకి ముందురోజు మధ్యాహ్నం, కిటికీ తెర సర్దుతున్న జయంతి నన్ను కేకేసింది. ఎదురింటి వరండాలో రెండు గంధం గుండ్లు కనపడుతున్నాయి. మా అక్క, మా బావ. ఆర్నెల్లు నిండగానే రెండో మొక్కు తీర్చుకుని కొండ దిగి, తమ్ముడిల్లు దాటుకుని, రెబెకా టీచరింట్లో దిగారు. బావ అక్కడి గోడకు నడుం ఆనించి కాళ్లు చాపుకున్నాడు. అక్క ఆయనకు మజ్జిగ ఇస్తోంది.

నా మనసు చివుక్కుమంది. సొంత తమ్ముడు ఎదురుగా ఉండగా పరాయి వరండాలో కూర్చోవడమా అనుకున్నాను. ఆ వెంటనే గోడ గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఏది ముందు గుర్తొచ్చిందో నాకే తెలియదు, దయచేసి అడక్కండి. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను.

నన్ను చూడగానే అక్క గబుక్కున లేచింది. తప్పు చేసి దొరికినదానిలా నవ్వింది. "నీ ఇంటికి రాకూడదని కాదురా మునీ. మా తలలు ఇట్లుండాయి గదా, పొద్దు వాలినాక నీళ్లు పోసుకుని వద్దామనుకుంటిమి" అంది.

"నీళ్లు పోసుకోవద్దు!" అని అరిచాను. అందరూ నా వైపు చూశారు. "అంటే, వేళ కాని వేళ... పడిశం పడుతుంది. అట్లే వచ్చెయ్యండి" అని సర్దుకున్నాను.

అక్క మొహం చేటంత అయింది. "సూస్తివా, నా తమ్ముడు వట్టికాళ్లతో వచ్చినాడు" అని రెబెకా టీచరుకు చెప్పింది. రెబెకా టీచరు నన్ను, నా కాళ్లను, మా కిటికీని వరసగా చూసి, "పోయిరండి అక్కా. ఇబ్బందయితే వచ్చేయండి, తలుపు తీసే ఉంటాది" అంది.

జయంతి అప్పటికే గోడ వారగా చాప పరిచి ఉంచింది. ఫ్యాను తిప్పింది. అక్క లోపలికి వచ్చి చాపను చూసింది, గోడను చూసింది. వంగి చాపను గోడ దగ్గర నుంచి లాగి హాలు నట్టనడుమ వేసింది. కొంగు తల చుట్టూ బిగించి కట్టుకుంది. బావ తలకు కండువా చుట్టి, చివర చెవి వెనక దోపింది. ఇద్దరూ హాలు మధ్యలో, దేనికీ తగలకుండా, నిటారుగా కూర్చున్నారు.

"ఆనుకో అక్కా" అన్నాను.

"వద్దులేరా, ఈడ బాగుండాది."

"బావకు నడుము నొప్పి కదా. ఆనుకో బావా."

"ఏం లేదప్పా. డాక్టరు నిటారుగా కూసోమన్నాడు" అన్నాడు బావ. ఏ డాక్టరూ అలా అనలేదని నాకు తెలుసు. ఆయన నుదుట చెమట పట్టింది. కాసేపటికోసారి రెండు చేతులూ నేలకు ఆనించి నడుము పైకి లేపుకుంటున్నాడు. నా గోడ పాడవకూడదని ఆ మనిషి పళ్లబిగువున కూర్చున్నాడు.

ఆయన్ను రెక్క పట్టుకుని లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టాలని నాకు నిజంగా అనిపించింది. గోడ కోసం కాదు, నడుము కోసం. కానీ మరునాడు న్యాయనిర్ణేతలు వస్తున్నారన్న సంగతి కూడా నిజం. ఆనుకో అని ఎన్నిసార్లు అన్నా ఎందుకంటున్నానో నాకే నమ్మకం కుదరలేదు. జనానికి ఎన్నో పాలసీలు అంటగట్టిన నోరు నాది. ఒక్క మాట, 'గోడ పోతే పోనీ బావా' అన్న మాట, ఆ నోట్లోంచి రాలేదు. ఈసారి గోడకు కావాల్సిందే వాళ్ల గంధం కాబట్టి ఆ మాట అబద్ధమవుతుందని మీరు గ్రహించే ఉంటారు.

కాఫీ తాగి వాళ్లు లేచారు. "రెబెకా వాళ్లింట్లో సంచులు విడిచినాము. ఆణ్ణించే బస్సుకు పోతాము" అంది అక్క. పోతూ పోతూ శాలువా ఒకవైపు జారిందని సోఫా మీద సరిగ్గా మడిచి పెట్టింది. జయంతి దాన్ని మళ్లీ నిర్లక్ష్యంగా పరచలేదు. లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ సాయంత్రమే భానుచందర్ వచ్చాడు. గోడను చూశాడు, నన్ను చూశాడు. "ఇంత చిన్నదానికి చుట్టాలెందుకు సార్?" అని వంటింట్లోంచి రెండు కొబ్బరిచిప్పలు అడిగి తీసుకున్నాడు. వాటికి గుడ్డ చుట్టి, గంధం పట్టించి, గోడకు ఒత్తాడు. ఒకటి పెద్దది, ఒకటి కాస్త చిన్నది. అక్క తల ఎంత ఎత్తుకు వచ్చేదో నేనే వేలు పెట్టి చూపించాను. అసలు గుండ్ల కంటే ఇవే నిండుగా వచ్చాయి. చుట్టాలు కదులుతారు, చిప్ప కదలదు.

బహుమతి మాకే వచ్చింది. మునిరామయ్యగారు శాలువా కప్పి, "ఈ రెండు గుండ్రాల్లో బంధుత్వం తొణికిసలాడుతోంది. వీరి అక్కాబావలు ఈ గోడను ఎంత చనువుగా ఆనుకున్నారో చూడండి! నేటి సమాజానికి ఇలాంటి గోడలే దిక్కు" అన్నారు. ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమేనన్న మాట మళ్లీ చెప్పాను. మళ్లీ చప్పట్లు పడ్డాయి. కొబ్బరిచిప్ప కిటుకు ఎలా పొక్కిందో గానీ కాలనీలో ఇప్పుడు ఏ ఇంటివారూ రేణిగుంటకు పోవడంలేదు. ఫోన్లు మళ్లీ మోగి మోగి ఆగిపోతున్నాయి.

గంధం మళ్లీ రాలకుండా గోడ మీద నిలువెత్తు గాజు పలక బిగించాలని భానుచందర్ సూచించాడు. ఇది చదివి నన్ను ఛీ అనుకుంటున్న పాఠకులకు ఒక విన్నపం. మీరిప్పుడు కూర్చున్న సోఫాకు కంపెనీవాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు తీశారా? మీ షోకేసులోని కొత్త కప్పుల్లో ఏ చుట్టానికైనా కాఫీ పోశారా? తీరిక చూసుకుని జవాబు చెప్పండి. నాకు కాదు, మీ అక్కలకు.

గాజు పలక బిగించడానికి మనుషులు వచ్చి గోడకు రంధ్రాలు వేస్తుండగా అక్క ఫోను చేసింది.

"మునీ, పేపర్లో నీ గోడ ఫొటో సూస్తిమిరా. రెండు గుండ్లు పక్కపక్కనే, ఎంత బాగుండాయో! మేము పోయినాక ఎవురొచ్చినారు?"

నేను గోడ వైపు తిరిగి చూశాను. అక్కే అందుకుంది.

"ఎవురైతే ఏమిలే. ఆనుకోనిచ్చినావు సూడు, అది సాలురా. మేమే పిచ్చోళ్లం. నువ్వు వట్టికాళ్లతో వచ్చి పిలిస్తే, ఆనుకో ఆనుకో అంటే, గోడ పాడయితాదేమో, నువ్వు మొగమాటానికి అంటాండావేమో అనుకుంటిమి. మీ బావ అప్పటినుంచీ ఒకటే బాధ, పిల్లోని మనసు కష్టపెడితిమి గదా అని. ఈసారి నేరుగా నీ ఇంటికే వస్తామురా. వచ్చి ఆ గోడకే ఆనుకుంటాము."

"రండక్కా" అన్నాను.

"ఆ రొద ఏందిరా? మాట సరిగ్గా ఇనపల్లా."

డ్రిల్లు పట్టుకున్నవాణ్ని ఒక్క నిమిషం ఆపమని సైగ చేశాను.

"ఏం లేదక్కా. మీరొస్తారని ఇల్లు సర్దిస్తా ఉండాను."